చైనా మూలికల చీటీ కౌంటరు దాటేలోపు: ఫార్మసిస్టు అడుగడుగునా ఏం చూడాలి

హాంగ్‌జౌ నగరంలో హూ చింగ్‌యూ థాంగ్ అనే పాత మందుల దుకాణం ఉంది. హూ శ్వేయెన్ అనే వ్యాపారి 1874లో పెట్టాడు. అక్కడి బోర్డులు కొనేవాళ్ళకు కనబడేలా ఉంటే, ఒక్కటి మాత్రం కౌంటరు వెనక నిలబడేవాళ్ళ వైపు తిరిగి ఉంటుంది. దాని మీద రెండే అక్షరాలు: జియె చీ. మోసం చేయొద్దని అర్థం. మోసం జరిగితే ఎటువైపు నుంచి జరుగుతుందో ఆ బోర్డు పెట్టినాయనకు బాగా తెలుసు.

మన దగ్గర బీఫార్మసీ చదివినవాళ్ళకు మందంటే స్ట్రిప్. దాని మీద పేరుంటుంది, బ్యాచ్ నంబరుంటుంది, ఎక్స్‌పైరీ ఉంటుంది. చైనా సంప్రదాయ మందుల ఫార్మసిస్టు ముందుండేది వేరు. గోడంత చెక్క బీరువా, దానికి వందల సొరుగులు, సొరుగుల్లో తరిగిన వేర్లు, బెరళ్ళు, గింజలు, ఆల్చిప్పలు. ముక్క మీద ఎవరూ పేరు రాసి ఉంచరు. చీటీలో ఉన్న పేరూ, పొట్లంలో పడే ముక్కా ఒకటేనని తేల్చే పూచీ ఆ మనిషిదే. కింద చెప్పే అడుగులన్నీ ఈ పూచీ చుట్టూనే తిరుగుతాయి.

ఈ వైద్యం పనిచేస్తుందా లేదా అన్న వాదన ఇక్కడ పెట్టను. పనిచేస్తుందని నమ్మి వచ్చినవాడికి చీటీలో రాసిన మందే, రాసిన తూకంలో, హాని లేకుండా అందాలి. అంతవరకే నా మాట.

చైనాలో ఈ పనికి ఆధారమైన పుస్తకం అక్కడి ప్రభుత్వ ఫార్మకోపియా, అంటే మందుల ప్రమాణాలు రాసిన గ్రంథం. మొదటి కూర్పు 1953లో వచ్చింది. ఇప్పుడు నడుస్తున్నది 2025 కూర్పు, ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి అమల్లో ఉంది. ఆసుపత్రుల్లో మూలికల నిర్వహణకు 2007 నిబంధనలు, కషాయాలు కాచే గదులకు 2009 నిబంధనలు ఉన్నాయి. లైసెన్సు పరీక్షలోనూ రెండు దారులు: ఒకటి మామూలు ఫార్మసీ, రెండోది చైనా మందుల ఫార్మసీ.

మాటలతో చెబితే గాలిలో ఉంటుంది కాబట్టి ఒక చీటీ పట్టుకుని నడుద్దాం. ఫూజీ లీజోంగ్ అనే పాత యోగానికి రెండు మందులు కలిపి, చెప్పుకోవడం కోసం నేను రాసుకున్నది ఇది. కడుపు చల్లబడి, నీళ్ళ విరేచనాలు, వాంతి వచ్చేలా ఉండటం అనే లక్షణాలకు వాళ్ళ వైద్యులు ఇలాంటిది రాస్తారు. ఇంట్లో కాచుకోవడానికి కాదు.

ఫూజీ 9 గ్రాములు (ముందు ఉడకాలి)
దాంగ్‌షెన్ 12 గ్రాములు
బైజూ 9 గ్రాములు
గాన్‌జియాంగ్ 6 గ్రాములు
గాన్‌త్సావ్ 6 గ్రాములు
బాన్‌శ్యా 9 గ్రాములు
షారెన్ 6 గ్రాములు (చివర్లో వేయాలి)
మొత్తం 7 పొట్లాలు, రోజుకొకటి

గాన్‌జియాంగ్ అంటే మన శొంఠే. గాన్‌త్సావ్ అతిమధురం జాతి. షారెన్ ఏలకుల కుటుంబంలోది. ఫూజీ మాత్రం నాభి జాతి దుంప. మన పెద్దవాళ్ళు వసనాభి అని పేరెత్తడానికే జంకే మొక్కకు దగ్గర చుట్టం.

అడుగు 1: చీటీ రాకముందే సొరుగు సంగతి చూసుకోండి

తప్పుల్లో చాలా భాగం చీటీ చదివేటప్పుడు కాదు, సొరుగు నింపేటప్పుడే జరుగుతాయి. పొద్దున హడావుడిలో ఒకరు దాంగ్‌షెన్ సొరుగులో ఇంకోటి పోశారంటే, ఆ రోజు వచ్చిన ప్రతి చీటీలోనూ తప్పు పడ్డట్టే. అందుకే నింపేవాడు ఒకడైతే సరుకు చూసేవాడు ఇంకొకడు ఉండాలని నిబంధన. కొత్త బ్యాచ్ పోసే ముందు సొరుగు ఖాళీ చేసి, దులిపి, ఆ సంగతి రిజిస్టరులో రాయాలి. అడుగున మిగిలిన పాత పొడి మీదే కొత్తది పోసుకుంటూ పోతే పురుగు పట్టిన సరుకు ఏ బ్యాచ్‌దో చెప్పలేరు.

సొరుగుల అమరికకూ ఒక పద్ధతుంది. ఎక్కువగా వాడేవి చేతికందే ఎత్తులో, బరువైన రాళ్ళూ ఆల్చిప్పలూ కింద. చూడ్డానికి ఒకేలా ఉండే మందులు పక్కపక్కన పెట్టకూడదు. ఒకదానికొకటి పడవని సంప్రదాయం చెప్పే జతల్నీ పక్కపక్కన పెట్టకూడదు. విషపు మందులకు సొరుగే లేదు, విడిగా తాళం.

సరుకు తీసుకునేటప్పుడు చూడాల్సిన అంకెలు కొన్ని. వేరే చెప్పకపోతే తరిగిన మూలికలో తేమ 13 శాతం మించకూడదు, పొడి, చెత్త 3 శాతం లోపు ఉండాలి. గంధకపు పొగ పెట్టి తెల్లగా చేసే అలవాటు ఉంది కాబట్టి సల్ఫర్ డయాక్సైడ్‌కు పరిమితి పెట్టారు: మామూలుగా కిలోకు 150 మిల్లీగ్రాములు, కొన్ని మందులకు 400. మన చీటీలోని దాంగ్‌షెన్, బైజూ రెండూ ఆ 400 జాబితాలోవే. కొనేవాళ్ళు తెల్లగా నిగనిగలాడే ముక్కల్ని మంచి సరుకనుకుంటారు. అతిగా తెల్లగా ఉండి, ముక్కుకు పుల్లటి ఘాటు తగిలితే ల్యాబు రిపోర్టు అడగాల్సింది అక్కడే. 2020 కూర్పు నుంచి 33 నిషేధిత పురుగుమందుల అవశేషాల పరీక్ష కూడా చేరింది.

నిల్వ గదిలో గాలి తేమ 35 నుంచి 75 శాతం మధ్య ఉండాలి. చల్లటి గది అంటే 20 డిగ్రీలు దాటనిది. పాత దుకాణాల్లో మూదాన్ అనే బెరడును జెషియె దుంపతో కలిపి దాచేవాళ్ళు, రెండూ చెడిపోవని. బియ్యం డబ్బాలో వేపాకు వేసే మనకు ఇది వింతేమీ కాదు.

అడుగు 2: చీటీని మొత్తం ఒకసారి చదవండి, చెయ్యి సొరుగు మీదికి పోకముందే

చైనా ఆసుపత్రుల్లో ఫార్మసిస్టులకు నోటికొచ్చే సూత్రం ఒకటుంది: నాలుగు చూడు, పది సరిపోల్చు. చీటీ చూసి విభాగం, పేరు, వయసు. మందు చూసి దాని పేరు, రూపం, కొలత, సంఖ్య. కలయిక చూసి మందు గుణం, వాడే తీరు. సబబుగా ఉందా అని చూసి రోగనిర్ధారణ. మొత్తం పది.

చీటీ రాసిన రోజు వరకే చెల్లుతుంది. వైద్యుడు పొడిగిస్తే గరిష్ఠంగా 3 రోజులు. మామూలుగా ఒక చీటీకి 7 రోజుల మందు మించదు. మనది 7 పొట్లాలు, సరిపోయింది. మోతాదులు ఫార్మకోపియాతో పోల్చండి: ఫూజీకి 3 నుంచి 15 గ్రాములు, బాన్‌శ్యాకు 3 నుంచి 9, షారెన్‌కు 3 నుంచి 6. అన్నీ లోపలే ఉన్నాయి, కాకపోతే బాన్‌శ్యా, షారెన్ పైగీత దగ్గర ఆగాయి.

పాత చీటీ తెచ్చి "ఇదే ఇవ్వండి" అనేవాళ్ళు వస్తారు. దాంతోపాటు తూకపు లెక్క కూడా తేడా పడొచ్చు. చియెన్ అని పాత తూకం ఒకటుంది. చైనాలో 1979 నుంచి ఒక చియెన్ అంటే 3 గ్రాములు. హాంకాంగ్, తైవాన్‌లలో అదే మాటకు దాదాపు 3.75 గ్రాములు. గ్రాముల్లో రాయని చీటీ వస్తే ఎక్కడ రాసిందో అడగకుండా త్రాసు ముట్టుకోవద్దు.

అడుగు 3: పేరు తేల్చుకోండి

ఈ వృత్తిలో మనుషుల్ని చంపింది ఎక్కువగా పేర్లే. 1990ల మొదట్లో బ్రస్సెల్స్‌లో బరువు తగ్గడానికి మూలికల మాత్రలు వాడిన ఆడవాళ్ళకు కిడ్నీలు వరసగా పాడయ్యాయి. విషయం 1993లో వైద్య పత్రికకెక్కింది. చివరికి లెక్క తేలేసరికి బాధితులు వందకు పైనే. వాళ్ళకు ఇవ్వాలనుకున్నది ఫాంగ్‌జీ. అందింది గ్వాంగ్ ఫాంగ్‌జీ. రెండూ వేర్లే, పేర్లో ఒక ముక్క తేడా. రెండోది అరిస్టలోకియా జాతి, అందులోని ఆమ్లం కిడ్నీని తినేస్తుంది, మూత్రనాళాల్లో క్యాన్సర్ కూడా తెస్తుంది. ఇంకో జత ఇలాగే: ముథోంగ్ అనే తీగ స్థానంలో గ్వాన్ ముథోంగ్ అనే అరిస్టలోకియా తీగ ఏళ్ళ తరబడి చెలామణీ అయింది. చైనా ప్రభుత్వం 2003లో గ్వాన్ ముథోంగ్‌నీ, 2004లో గ్వాంగ్ ఫాంగ్‌జీనీ తీసేసింది. మన పొలాల్లో కనబడే గాడిదగడపాకు కూడా ఈ అరిస్టలోకియా కుటుంబమేనని ఇక్కడే చెప్పేయడం మంచిది.

మన చీటీకొద్దాం. రెండో వరసలో దాంగ్‌షెన్ ఉంది. దాన్‌షెన్ అని ఇంకో మందుంది. చైనా అక్షరాల్లో చూస్తే వేరని వెంటనే తెలుస్తుంది. ఫోనులో చెప్పినా, ఇంగ్లీషు అక్షరాల్లో రాసినా చెవీ కన్నూ రెండూ మోసపోతాయి. దాన్‌షెన్ రక్తం పలచన చేసే వార్ఫరిన్ ప్రభావాన్ని పెంచుతుంది. ఆ మాత్ర వేసుకునే గుండె రోగి చీటీలో ఈ రెండూ తారుమారైతే రక్తస్రావం దాకా పోవచ్చు. చైనా బయట, ఇంగ్లీషు లేబుళ్ళ మధ్య పనిచేసేవాళ్ళు శాస్త్రీయ నామం కూడా చూడకుండా సొరుగు లాగొద్దు.

వైద్యులు కుదించి రాసే పేర్లూ ఉంటాయి. "రెండు దోంగ్‌లు" అంటే థియెన్‌దోంగ్, మైదోంగ్. "లోంగ్ మూ" అంటే లోంగ్‌గూ, మూలీ. పక్కన 20 గ్రాములని ఉంటే ఒక్కోటి ఇరవయ్యా, కలిపి ఇరవయ్యా? మనసులో ఊహ కట్టకుండా వైద్యుడికి ఫోను చేయండి.

ఇక మనం ఇచ్చేది పచ్చిదా, శుద్ధి చేసిందా అన్నది. విషపు మందులకు నిబంధన తేటగా ఉంది: చీటీలో "పచ్చిది" అని ప్రత్యేకంగా రాయకపోతే శుద్ధి చేసిందే ఇవ్వాలి. 1988 నాటి చట్టం విషపు మూలికల జాబితాలో 28 పెట్టింది. పచ్చి ఫూజీ, పచ్చి బాన్‌శ్యా రెండూ అందులో ఉన్నాయి. కాబట్టి మన చీటీలో ఉత్త "ఫూజీ" అని ఉన్నా పొట్లంలో పడాల్సింది ఉప్పునీటి ద్రవంలో నానబెట్టి, ఉడికించి, తరిగిన ముక్కే. బాన్‌శ్యా మన చేమ, కంద కుటుంబంలోది. పచ్చిది గొంతులో పడితే దురద, మంట మామూలుగా ఉండవు. అల్లం, పటికతోనో, అతిమధురం, సున్నంతోనో శుద్ధి చేస్తారు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అంటారు గానీ, ఇక్కడ దురదంతా తాగేవాడికే.

అడుగు 4: పడని జతలు చూడండి

పద్దెనిమిది వైరాలు, పందొమ్మిది భయాలు అని రెండు పాత జాబితాలున్నాయి. విద్యార్థులు పాటలాగా బట్టీ పడతారు. మొదటి దాని ప్రకారం వూథౌ, అంటే నాభి, బాన్‌శ్యాతో పడదు. ఇక మన చీటీ చూడండి. మొదటి వరసలో ఫూజీ, ఆరో వరసలో బాన్‌శ్యా. నాభి మొక్క తల్లి దుంపను చ్వాన్‌వూ అంటారు, పక్కన పుట్టే పిల్ల దుంపే ఫూజీ. ఫార్మకోపియా కూడా ఫూజీని బాన్‌శ్యాతో కలపడం తగదనే అంటుంది.

ఈ జత నిజంగా ఎంత ప్రమాదమన్నది ప్రయోగాల్లో ఒక్క మాట మీద తేలలేదు. అనుభవమున్న వైద్యులు కొందరు తెలిసే రాస్తారు. అయితే ఆ సంగతి కౌంటరు దగ్గర తేల్చేది మీరు కాదు. చేయాల్సిందల్లా చీటీ వెనక్కి పంపడం. వైద్యుడు తెలిసే రాసుంటే ఆ మందుల పక్కన రెండోసారి సంతకం పెడతాడు, అప్పుడు తూచండి. పొరపాటున రాసుంటే మార్చి పంపుతాడు. మీ అంతట మీరు బాన్‌శ్యా తీసేసి ఆరు మందులే కట్టివ్వడం మాత్రం కుదరదు. సాయం చేశాననుకుంటారు గానీ, అది ఎవరూ రాయని కొత్త చీటీ అవుతుంది.

రోగి గర్భవతా అని అడగండి, ఫూజీ ఉంది కాబట్టి. బీపీ మాత్రలు, గుండెకిచ్చే డైగాక్సిన్ వాడుతున్నారా అని కూడా. అతిమధురం రోజుల తరబడి పడితే బీపీ పెరుగుతుంది, పొటాషియం తగ్గుతుంది. పొటాషియం తగ్గినవాడికి డైగాక్సిన్ విషమవుతుంది. చాలామంది ఈ సంగతి ఇక్కడా చెప్పరు, అల్లోపతి డాక్టరుకూ చెప్పరు. అడిగితేనే చెబుతారు.

అడుగు 5: తూకం

చిన్న దుకాణాల్లో ఇప్పటికీ చేత్తో పట్టుకునే ఒంటిపళ్ళెం త్రాసు కనబడుతుంది. కంసాలి త్రాసంత సున్నితం. ఎలక్ట్రానిక్ కాటా వచ్చాక కూడా పద్ధతి మారలేదు.

7 పొట్లాలకు ఫూజీ ఎంత? 63 గ్రాములు. మొత్తం 63 ఒక్కసారి తూచి, కంటితో ఏడు కుప్పలు చేయడం నిషిద్ధం. తూచిన 63లోంచి ఒక పొట్లానికి వేసి, మిగిలింది మళ్ళీ తూచాలి: 54 చూపాలి. ఇంకోటి వేస్తే 45, తర్వాత 36, 27, 18, చివరికి 9. ఎక్కడ తేడా వచ్చినా ఆ పొట్లం దగ్గరే పట్టుబడుతుంది. ఏడు మందులకూ ఇదే. విసుగే. కానీ ఫూజీ లాంటిది ఒక పొట్లంలో 4 గ్రాములు, ఇంకోదానిలో 14 పడితే మొత్తం లెక్క సరిగ్గానే ఉంటుంది, 14 గ్రాములు తాగిన రోజు మాత్రం రోగికి బాగుండదు.

ఒక పొట్లం బరువులో తేడా 5 శాతం దాటకూడదని 2007 నిబంధన. మన పొట్లం 57 గ్రాములు. అంటే 54.15 నుంచి 59.85 వరకు సరే. ఈ నిబంధన మొత్తం బరువుకే కాబట్టి విషపు మందుకు ఇదొక్కటే చాలదు, దాన్ని విడిగా తూచాలి.

కాగితం మీద వేసేటప్పుడు చీటీలో ఉన్న వరసలోనే, ఒక్కో మందు ఒక్కో చోట, మధ్యలో కాస్త ఖాళీ వదిలి పరవండి. ఒకదాని మీద ఒకటి పోయొద్దు. ఎందుకో తర్వాతి అడుగులో తెలుస్తుంది. షారెన్ కాయల్ని ఇచ్చేముందే రాగి కల్వంలో చితక్కొట్టాలి, ముందే కొట్టి ఉంచితే వాసనతోపాటు గుణమూ పోతుంది. కొట్టాక కల్వం తుడవండి, వాసన గట్టి మందైతే కడగండి. ఫూజీకి ఒక చిన్న సంచి, దాని మీద "ముందు". షారెన్‌కు ఇంకోటి, దాని మీద "చివర". ఈ రెండూ పెద్ద పొట్లంలో కలిసిపోతే ఇంటికెళ్ళాక వేరు చేసేవాళ్ళు ఉండరు.

అడుగు 6: వేరే కళ్ళు

తూచినవాళ్ళు సంతకం పెట్టి పక్కకు తప్పుకుంటారు. ఇంకొకరు వచ్చి చూస్తారు. ఆసుపత్రుల్లో ఈ రెండో పరిశీలన నూటికి నూరు పొట్లాలకు జరగాలి. విడివిడిగా పరిచారు కాబట్టి ఏడు కుప్పలు లెక్కపెట్టడం తేలిక. ప్రతి కుప్పనూ చీటీలో పేరుతో కలిపి చూడాలి, ముక్క ముట్టుకోవాలి, అనుమానముంటే వాసన చూడాలి. బరువు తేడా వస్తే మళ్ళీ తూకానికి. అంతా అయ్యాక రెండో సంతకం.

కన్ను, చెయ్యి, ముక్కు చాలనప్పుడు నీళ్ళూ నిప్పూ ఉపయోగపడతాయి. కుంకుమపువ్వు రేకను నీళ్ళలో వేస్తే పసుప్పచ్చ రంగు గీతలా కిందికి దిగుతుంది, నీళ్ళ మీద నూనె తేలదు. చిన్‌ఫీ అనే బెరడు నానిన నీళ్ళను ఎండలో పెడితే లేత నీలం మెరుపు వస్తుంది. హాయ్‌జిన్‌షా అనే పొడిని నిప్పు మీద చల్లితే చిటపటలాడి భగ్గుమంటుంది. ఇవి గారడీలు కావు, బడిలో నేర్పేవే. హాంకాంగ్‌లో లింగ్‌షియావ్ పువ్వనుకుని ఉమ్మెత్త పువ్వు ఇచ్చిన కేసులున్నాయి. ఎండిన పువ్వును నీళ్ళలో విప్పి చూస్తే తేడా తెలిసేది.

అడుగు 7: కాచే పద్ధతి నోటితో చెప్పండి, రాసి కూడా ఇవ్వండి

ఇక్కడే చాలా కౌంటర్లలో "రోజుకొకటి కాచుకోండి" అని సరిపెట్టేస్తారు. మందు ఇవ్వడంలో సగం పని ఇదే, అందుకే కాస్త నిదానంగా చెబుతాను.

మట్టి కుండ మేలు, లేదంటే స్టీలు గిన్నె. ఇనుము, రాగి, అల్యూమినియం వద్దు. మూలికల్ని చల్లటి నీళ్ళలో కనీసం 30 నిమిషాలు నానబెట్టాలి. నీళ్ళు మందు పైన 2 నుంచి 5 సెంటీమీటర్లు ఉండాలి. మనవాళ్ళ భాషలో చెప్పాలంటే, అన్నానికి వేలు పెట్టి చూసినట్టు.

మన చీటీకి ముందు ఫూజీ ఒక్కటే. నీళ్ళు మరిగాక 30 నుంచి 60 నిమిషాలు. నాభిలోని విషం ఎంతసేపు ఉడికితే అంత విరిగి మెత్తబడుతుంది. అందుకే ఇందులో తొందర పనికిరాదు. మధ్యలో నీళ్ళు ఇంకితే మరిగే నీళ్ళే పోయాలి, చన్నీళ్ళు కాదు. తర్వాత విడిగా నానిన మిగతా మందులు వేసి, మళ్ళీ మరిగాక 20 నుంచి 30 నిమిషాలు. బలానికిచ్చే మందులైతే 40 నుంచి 60 పడుతుంది. దించే ముందు 5 నుంచి 10 నిమిషాలుండగా షారెన్. ఎక్కువసేపు ఉడికితే దాని వాసనంతా వంటింట్లోకే పోతుంది. వడకట్టి, అదే పిప్పికి నీళ్ళు పోసి రెండోసారి కాచాలి. రెండూ కలిపి పెద్దవాళ్ళకు 400 నుంచి 600 మిల్లీలీటర్లు రావాలి, రెండు పూటలకు పంచుకోవాలి.

వేరే చీటీల్లో వేరే సూచనలు వస్తాయి. చెచియెన్‌జీ గింజలు జిగురు, గుడ్డలో కట్టకపోతే అడుగంటుతాయి. శ్వెన్‌ఫూ పువ్వుకు నూగుంటుంది, గుడ్డలో కట్టకపోతే గొంతులో గుచ్చుకుంటుంది. అజియావ్ గాడిద తోలు జిగురు, ఉడకబెట్టరు, వడకట్టిన కషాయంలో కరిగిస్తారు.

ఈ మధ్య కాచే పని లేకుండా ఒక్కో మూలికకూ రేణువులు సాచెట్లలో వస్తున్నాయి. చైనాలో 2021 నవంబరులో ప్రయోగ దశ దాటి అందరికీ ఒకే ప్రమాణాల కిందికొచ్చాయి. ఫార్మసిస్టుకు తూకం బెడద తగ్గింది. ముక్క చూసి గుర్తుపట్టే అవకాశం మాత్రం పోయింది. రేణువులన్నీ గోధుమ రంగు పొడే, ఇక లేబులే దిక్కు.

అడుగు 8: కౌంటరు దాటాక

చీటీ దాచడం మీ పనే. మామూలు చీటీ 1 సంవత్సరం, విషపు మందు ఉంటే 2 సంవత్సరాలు. జాబితాలోని ఆ విషపు మందు ఒక్కో చీటీకి 2 రోజుల గరిష్ఠ మోతాదు దాటకూడదన్నది కూడా గుర్తుంచుకోండి. జాబితాలో ఉన్నది పచ్చి ఫూజీ కాబట్టి శుద్ధి చేసిన మన ఫూజీ ఈ లెక్కలోకి రాదు.

ఫూజీ ఇచ్చినవాళ్ళకు ఒక మాట ఖాయంగా చెప్పి పంపండి: కషాయం తాగాక పెదవులు, నాలుక, చేతివేళ్ళు తిమ్మిరెక్కినా, గుండె దడదడలాడినా అదేదో మందు పట్టడం కాదు. తాగడం ఆపేసి నేరుగా ఎమర్జెన్సీకి వెళ్ళాలి, ఆసుపత్రిలో నాభి పేరు చెప్పాలి. ఆ తర్వాత మీకు ఫోను చేస్తే చాలు. వస్తూ వస్తూ మిగిలిన పొట్లాలు, కుండలోని పిప్పి తెమ్మనండి. తెచ్చాక ఒక పొట్లం కాగితం మీద విప్పి, చీటీ పక్కన పెట్టుకుని, ఏడు కుప్పలు మళ్ళీ విడదీసి, ఫూజీ సంచిని తూచండి.